కంపెనీలో ఇంటర్న్‌షిప్ లెక్కలోకి వస్తుందా?

ప్రశ్న: గుంటూరులో అయిదేళ్ల లా కోర్సు నాలుగో సంవత్సరం చదువుతున్నాను. హైదరాబాద్‌లోని ఒక మందుల కంపెనీ లీగల్ విభాగంలో ఎనిమిది వారాల ఇంటర్న్‌షిప్ వచ్చింది. స్టైపెండ్ లేదు. న్యాయవాది దగ్గర చేస్తేనే లెక్క అని కాలేజీలో అంటున్నారు. కంపెనీ వాళ్లేమో రహస్యాలు బయటపెట్టననీ, రెండేళ్ల వరకు మరో మందుల కంపెనీలో చేరననీ ఒప్పందం రాసివ్వమంటున్నారు. పాన్ నంబరు కూడా అడిగారు. సంతకం పెట్టవచ్చా?
– ఒక విద్యార్థిని

జవాబు: కాలేజీ వారు చెప్పింది సగమే నిజం. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నాటి న్యాయవిద్యా నియమాల్లో, మూడో షెడ్యూలు 25వ నియమం చూడండి. ఇంటర్న్‌షిప్ ఎక్కడెక్కడ చేయవచ్చో చెప్పే ఆ జాబితాలో కంపెనీల పేరు నేరుగానే ఉంది. అయితే మీ కోర్సుకు కావలసిన 20 వారాల్లో ఒక్కసారైనా ట్రయల్ కోర్టు, అప్పీలు కోర్టు న్యాయవాదుల దగ్గర పనిచేసి ఉండాలి. అది అయిపోయి ఉంటే దిగులు లేదు.

అసలు చిక్కు ఎనిమిది వారాలతోనే. ఏ సంవత్సరంలోనూ వరుసగా నాలుగు వారాలకు మించి ఇంటర్న్‌షిప్ చేయకూడదని అదే నియమం చెబుతోంది. రెండు విడతలుగా చేస్తానని కంపెనీని అడగండి. ఆ ఏర్పాటుకు అభ్యంతరం లేదని ప్రిన్సిపాల్ దగ్గర ముందే కాగితం తీసుకోండి. నోటిమాట ఇంటర్న్‌షిప్ డైరీ దిద్దే రోజుకి ఎవరికీ గుర్తుండదు.

ఇక ఒప్పందం. రహస్యాలు కాపాడతానన్న భాగంపై నిరభ్యంతరంగా సంతకం పెట్టండి. రెండేళ్ల షరతు మాత్రం, ఎవరినీ తమ వృత్తి చేసుకోకుండా కట్టడి చేసే ఒప్పందం చెల్లదనే 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు నిలవదు. నిలవదు కదా అని సంతకం పెట్టేయకండి. రేపు ఉద్యోగంలో చేరేటప్పుడు ఆ కాగితం చూపించి ఎవరైనా బెదిరిస్తే జవాబు చెప్పుకోవలసింది మీరే. ఉద్యోగుల కోసం తయారుచేసిన నమూనానే పేరు మార్చి ఇంటర్న్‌లకు ఇవ్వడం నేను చాలాసార్లు చూశాను. ఆ పేరా తీసేయమని మర్యాదగా ఒక మెయిల్ పెడితే చాలావరకు తీసేస్తారు.

మీ కంపెనీ షేర్లు మార్కెట్లో ఉన్నాయా? ఉంటే ఈ మాట ఒకటికి రెండుసార్లు చదవండి. పేటెంటు కేసులో రాజీ, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పంపిన హెచ్చరిక లేఖ వంటివి స్టాక్ ఎక్స్ఛేంజీకి తెలిసే ముందే లీగల్ విభాగం బల్ల మీదికి వస్తాయి. బయటికి రాని సమాచారంతో షేర్లు కొనడం, అమ్మడం కుదరదనే సెబీ (షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ) 2015 నిబంధనల కింద, అటువంటి కాగితం చూసిన ఇంటర్న్ కూడా కంపెనీతో సంబంధమున్న వ్యక్తే. రాత్రి ఫోనులో నాన్నగారితో ఆ కబురు చెప్పారనుకోండి, ఆయన తెల్లవారి నాలుగు షేర్లు కొన్నారనుకోండి: జరిమానా 10 లక్షల రూపాయల దగ్గర మొదలవుతుంది. గరిష్ఠంగా 25 కోట్లు లేదా లాభానికి మూడు రెట్లు, ఏది ఎక్కువైతే అది. అటువంటి సమాచారం ఎవరెవరికి ఇచ్చారో పాన్‌తో సహా కంపెనీ నమోదు చేసి ఉంచాలి. మీ పాన్ అడిగింది బహుశా అందుకే, ఇవ్వండి.

మరొకటి. న్యాయవాదికి, కక్షిదారుకు మధ్య జరిగే సంభాషణను బయటపెట్టనక్కర్లేదని భారతీయ సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్య చట్టం) 132వ సెక్షన్ ఇచ్చే రక్షణ, కంపెనీలో జీతానికి పనిచేసే లీగల్ అధికారికి వర్తించదని సుప్రీంకోర్టు 2025 అక్టోబరు 31న తేల్చింది. కనుక మీరు రాసే నోట్ ఏదో ఒకరోజు కోర్టు ముందుకు రావచ్చు. 'తప్పు మనదే' వంటి వ్యాఖ్యలు మెయిల్లో రాయకండి, పై అధికారికి ఎదురుగా కూర్చుని చెప్పండి.

స్టైపెండ్ ఇచ్చి తీరాలని 25వ నియమంలో లేదు. అయినా జీతం లేని ట్రైనీ కూడా 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం కింద ఉద్యోగే; అంతర్గత ఫిర్యాదుల కమిటీ సభ్యులెవరో మొదటి రోజే కనుక్కోండి. చివర్లో ఇచ్చే సర్టిఫికెట్‌లో విడత విడతకూ తేదీలు వేరుగా వేయించుకోండి.