బడికీ ఇంటికీ మధ్య: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మా పాఠశాలలో తల్లిదండ్రుల సమావేశానికి ఎన్నిసార్లు కబురు పెట్టినా సగం మంది కూడా రావడం లేదు. వచ్చేవారిలోనూ ఎక్కువమంది బాగా చదివే పిల్లల తల్లిదండ్రులే. మిగిలినవారిని రప్పించడం ఎలా?
– ఒక ప్రధానోపాధ్యాయుడు

సమాధానం: రానివారి వైపు నుంచి ఆ సమావేశాన్ని ఒకసారి చూడండి. పని మానుకుని వచ్చి, తన వంతు కోసం వేచి కూర్చుని, చివరికి నలుగురి ఎదుటా "మీవాడు లెక్కల్లో బాగా వెనకబడ్డాడు, ఇంట్లో కాస్త పట్టించుకోండి" అనిపించుకుని తలవంచుకుని వెళ్లిన తండ్రి మరుసటిసారి రాకపోతే, దానిని చదువు పట్ల నిర్లక్ష్యంగా భావించడం న్యాయం కాదు. ఏమి పట్టించుకోవాలో, ఎలా పట్టించుకోవాలో ఆయనకు ఎవరూ చెప్పలేదు. వేడుకకో, ఫిర్యాదుకో తప్ప బడి నుంచి పిలుపు రానప్పుడు, వెనకబడిన పిల్లల ఇళ్లకు చేరేది ఫిర్యాదు ఒక్కటే.

ఈ విషయంలో మానసిక వైద్యుడు జేమ్స్ కోమర్ అనుభవం మీకు ఉపయోగపడవచ్చు. ఆయన 1968లో యేల్ విశ్వవిద్యాలయం తరఫున అమెరికాలోని న్యూ హేవెన్ నగరంలో, చదువులో బాగా వెనకబడిన రెండు ప్రాథమిక పాఠశాలల్లో పని ప్రారంభించారు. బడి నడిపే బృందంలో ఉపాధ్యాయులతో పాటు తల్లిదండ్రులకూ స్థానం కల్పించారు. ఆ పద్ధతిలోని నియమాల్లో ఒకటి, తప్పెవరిదని వెతకకుండా సమస్యకు పరిష్కారం వెతకడం. వినడానికి తేలికగా ఉన్నా, ఆచరణలో ఇదే అన్నిటికంటే కష్టమని నా అభిప్రాయం; ఎందుకంటే పిల్లవాడి మార్కులు తగ్గగానే బడి ఇంటినీ, ఇల్లు బడినీ వేలెత్తి చూపడం మనకు అలవాటైపోయింది.

పిలవడమే కాదు, వెళ్లడం గురించి కూడా ఆలోచించండి. 1998లో కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాక్రమెంటోలో మొదలైన ఒక కార్యక్రమంలో ఉపాధ్యాయులు ఇద్దరిద్దరుగా విద్యార్థుల ఇళ్లకు వెళ్తారు. ఈ సందర్శన ఉపాధ్యాయులకు గానీ, కుటుంబాలకు గానీ నిర్బంధం కాదు. సమస్యలున్న పిల్లల ఇళ్లనే ఏరుకుని వెళ్లరు. ఆ పనికి ఉపాధ్యాయులకు శిక్షణా పారితోషికమూ ఉంటాయి. మొదటిసారి వెళ్లినప్పుడు మార్కుల ప్రస్తావన తేకుండా, "మీ అమ్మాయి ఏమి కావాలని మీరు కోరుకుంటున్నారు?" అనే అడుగుతారు. పారితోషికం సంగతి చిన్నదిగా తీసిపారేయకండి. ఉపాధ్యాయుల సొంత సమయాన్ని ఉచితంగా వాడుకునే పథకాలు ఎక్కువ కాలం నిలవడం కష్టం.

ఇంకొక మాట. హాజరు పట్టికను బట్టి కుటుంబాల శ్రద్ధను కొలవకండి. ఈ రంగంలో పేరుపొందిన పరిశోధకురాలు జాయిస్ ఎప్‌స్టీన్ కుటుంబాల భాగస్వామ్యాన్ని ఆరు రకాలుగా విభజించారు. పిల్లల పెంపకం, బడికీ ఇంటికీ మధ్య సమాచారం, స్వచ్ఛంద సేవ, ఇంటి వద్ద అభ్యాసం, నిర్ణయాల్లో పాత్ర, చుట్టూ ఉన్న సమాజంతో సహకారం అన్నవి ఆ ఆరు. బడి గడప తొక్కకపోయినా బిడ్డను వేళకు నిద్రలేపి పంపే తల్లి ఇందులో మొదటిదాన్ని ప్రతిరోజూ నెరవేరుస్తూనే ఉంది.

ప్రశ్న: నేను పెద్దగా చదువుకోలేదు. మా అమ్మాయి ఎనిమిదో తరగతిలోకి వచ్చింది, ఆమె పుస్తకాలు నాకు అర్థం కావు. హోంవర్క్ దగ్గర కూర్చోబెట్టి చేయించమని టీచర్లు చెబుతున్నారు. నావల్ల ఆమె చదువు దెబ్బతింటుందా?
– ఒక తల్లి

సమాధానం: దెబ్బతినదు, ఆ దిగులు పెట్టుకోకండి. నాన్సీ హిల్, డయానా టైసన్ అనే పరిశోధకులు మీ అమ్మాయి వయసు పిల్లలపై జరిగిన 50 అధ్యయనాలను కలిపి పరిశీలించి 2009లో ఫలితాలు ప్రకటించారు. చదువు ఎందుకో పిల్లలతో మాట్లాడడం, వారిపై ఆశ పెట్టుకున్నట్టు తెలియజేయడం, ముందు ముందు ఏమి చేయాలో కలిసి ఆలోచించడం వంటివి మెరుగైన ఫలితాలతో అన్నిటికంటే గట్టిగా ముడిపడి ఉన్నాయనీ, హోంవర్క్‌లో తల్లిదండ్రుల సహాయం విషయంలో అటువంటి స్పష్టమైన సంబంధం కనిపించలేదనీ వారు తేల్చారు. వెనకబడిన పిల్లలకే హోంవర్క్ సహాయం ఎక్కువగా అందుతుండవచ్చు గనుక సహాయం హానికరమని దీని అర్థం కాదు. అయితే పాఠం తెలియని తల్లి చేయగలిగిన పని చాలా ఉందన్నది మాత్రం నిజం.

"హోంవర్క్ అయిందా?" అని అడిగితే "అయింది" అన్న జవాబుతో మాట ఆగిపోతుంది. దానికి బదులు "ఈ రోజు చెప్పినదానిలో నీకు అర్థం కానిది ఏమిటి?" అని అడగండి. ఆమె చెప్పేది మీకు బోధపడకపోయినా ఫరవాలేదు. మీకు వివరించే ప్రయత్నంలో ఎక్కడ తడబడుతున్నదో ఆమెకే తెలుస్తుంది. ఆ చోటును పుస్తకంలో గుర్తు పెట్టుకుని మర్నాడు టీచర్‌ను అడగమని చెప్పండి.

మీ టీచర్లకూ ఒక సూచన. లూయిస్ మోల్, ఆయన సహచరులు అరిజోనాలోని టూసాన్ నగరంలో శ్రామిక కుటుంబాలపై జరిపిన పరిశోధనను 1992లో ప్రచురించారు. అందులో ఉపాధ్యాయులు పాఠం చెప్పడానికి కాక, నేర్చుకోవడానికి విద్యార్థుల ఇళ్లకు వెళ్లారు. బడి చదువు తక్కువగా ఉన్న ఆ ఇళ్లలో వ్యవసాయం, నిర్మాణం, వ్యాపారం, వైద్యం గురించి ఎంతో జ్ఞానం ఉందని గ్రహించి, దాని ఆధారంగా తరగతిలో పాఠాలు రూపొందించారు. మీకు వచ్చిన పని ఏదైనా సరే, దానిలో కొలతలో, లెక్కలో, పరిశీలనో తప్పక ఉంటాయి. పిల్లలకు దాన్ని చూపించడానికి మిమ్మల్ని తరగతికి ఆహ్వానించమని టీచర్లను నిస్సంకోచంగా అడగవచ్చు.

ప్రశ్న: తరగతి వాట్సాప్ గ్రూపులో రోజూ సమాచారం పెడుతున్నాను. ఎవరూ స్పందించడం లేదు. మానేయమంటారా?
– ఒక ఉపాధ్యాయురాలు

సమాధానం: గ్రూపును ప్రకటనలకు పరిమితం చేయండి. అందరికీ పంపినది తన కోసమేనని ఎవరూ అనుకోరు. మాథ్యూ క్రాఫ్ట్, టాడ్ రోజర్స్ 2015లో ప్రచురించిన ప్రయోగంలో, వేసవి తరగతులకు హాజరవుతున్న ఉన్నత పాఠశాల విద్యార్థుల తల్లిదండ్రులకు టీచర్లు వారానికి ఒక్క వాక్యం చొప్పున విడివిడిగా పంపారు. కోర్సు పూర్తి చేయలేకపోయిన వారి శాతం 15.8 నుంచి 9.3కు తగ్గింది. పొగడ్త కంటే, ఏది మెరుగుపరచుకోవాలో చెప్పిన సందేశాలే ఎక్కువ ఫలితమిచ్చాయి. "బాగా చదివించండి" అని కాకుండా, "ఈ వారం రెండు ల్యాబ్ రిపోర్టులు ఇవ్వలేదు, శుక్రవారం లోగా ఇస్తే తీసుకుంటాను" అని పంపితే ఇంట్లో ఆ సాయంత్రమే మాట్లాడుకోవడానికి ఒక విషయం దొరుకుతుంది. వారానికి ఐదారుగురి చొప్పున పంపినా చాలు.

ప్రశ్న: సమావేశంలో అమ్మ, టీచర్ నా గురించే మాట్లాడుకుంటారు. నేను పక్కన నిలబడి వింటాను. నన్ను ఎవరూ ఏమీ అడగరు. ఇది సరైనదేనా?
– తొమ్మిదో తరగతి విద్యార్థి

సమాధానం: సరైనది కాదు. పెద్దలు గమనించవలసిన లోపాన్ని మీరు ఎత్తిచూపారు. విద్యార్థి నిమగ్నతను పరిశోధకులు సాధారణంగా మూడు కోణాల్లో చూస్తారు. బడికి వచ్చి పని చేయడం ఒకటి, బడి తనదని అనిపించడం మరొకటి, నేర్చుకునేదానిపై మనసు పెట్టి కష్టపడడం మూడవది. నోరు మెదపకుండా నిలబెడితే మొదటిది మాత్రమే కనిపిస్తుంది, మిగిలిన రెండింటి సంగతి ఎవరికీ తెలియదు.

చాలా దేశాల్లోని కొన్ని పాఠశాలల్లో ఈ సమావేశాన్ని విద్యార్థే నడుపుతాడు. తన పని నుంచి రెండు మూడు నమూనాలు ముందుగా ఎంచుకుని, ఏది బాగా వచ్చింది, ఏది రాలేదు, రాబోయే నెలల్లో ఏమి చేయబోతున్నాను అన్నది తల్లిదండ్రులకు స్వయంగా వివరిస్తాడు. టీచర్ అవసరమైన చోట మాత్రమే కలగజేసుకుంటారు. సిద్ధపడడానికి తరగతిలో సమయం కేటాయించకపోతే ఇది అప్పజెప్పిన పాఠంలా తయారవుతుంది గనుక, ఆ సమయం ఇవ్వవలసిన బాధ్యత బడిదే. మీ బడిలో ఆ పద్ధతి లేకపోతే, వచ్చే సమావేశానికి ముందే మీ క్లాస్ టీచర్‌ను కలిసి మొదటి ఐదు నిమిషాలు మీకు ఇవ్వమని అడగండి. మార్కులు తగ్గిన జవాబు పత్రం ఒకటి, మీకు తృప్తినిచ్చిన పని ఒకటి వెంట తీసుకువెళ్లండి. తగ్గినదాని గురించి మీరే ముందు చెప్పండి.