మస్కట్ అన్నయ్య, సింగపూరు మామయ్య

ప్రశ్న: మా మేనమామగారు ప్యాకేజీ టూరులో సింగపూరు చూసి వచ్చి, అక్కడి మనుషులు దేవతలంటున్నారు. మస్కట్‌లో ఏళ్ళ తరబడి ఎలక్ట్రీషియన్‌గా పనిచేసిన మా అన్నయ్యకు మాత్రం అరబ్బుల మాటెత్తితేనే చిరాకు. తన గదిలో ఉన్న పాకిస్తానీ వంటవాడంటే మాత్రం ప్రాణం. పరదేశం చూస్తే మనసు విశాలమవుతుందంటారే, మరి ఇదేమిటి?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: ఎంత దూరం వెళ్ళారన్నదానికంటే, అక్కడివారిని ఏ హోదాలో కలిశారన్నదే ముఖ్యం. ఇరుపక్షాలూ సమాన హోదాలో, ఒకే లక్ష్యం కోసం, సహకరించుకుంటూ మెలగినప్పుడు, దానికి చట్టమో సంస్థో అండగా ఉన్నప్పుడు దురభిప్రాయాలు తగ్గుతాయని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే ప్రతిపాదించాడు. 2006లో పెటిగ్రూ, ట్రాప్ అనే పరిశోధకులు 515 అధ్యయనాలను కలిపి పరిశీలించి, ఈ షరతులన్నీ కుదరకపోయినా పరిచయం సాధారణంగా మేలే చేస్తుందనీ, కుదిరితే ఇంకా ఎక్కువ చేస్తుందనీ తేల్చారు.

మీ అన్నగారికి అరబ్బు ఎదురైంది ఎక్కువగా కఫీల్ (వీసాకు పూచీపడే యజమాని) రూపంలోనే అయి ఉంటుంది. వీసా అతని చేతిలో ఉంటుంది. ఒమన్‌లో 2021 జనవరి దాకా, పాత యజమాని ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇవ్వనిదే మరో యజమాని దగ్గర చేరడానికి వీలుండేది కాదు. ఒకరు ఆజ్ఞాపించేవారు, మరొకరు తలవంచేవారు అయినచోట ఎన్నేళ్ళున్నా స్నేహం కుదరడం కష్టం. పని ముగిశాక చేరేది కార్మికుల వసతి క్యాంపుకే కనుక స్థానికుల ఇంటి గడప తొక్కే అవకాశమూ తక్కువే. వంటవాడి సంగతి వేరు. ఒకే గది, ఒకే పొయ్యి, ఇంటికి డబ్బు పంపాలన్న ఒకే ఆరాటం, మాట్లాడుకోవడానికి ఇద్దరికీ వచ్చిన హిందీ. ఆల్‌పోర్ట్ చెప్పినవాటిలో చాలా భాగం ఆ ఇరుకు గదిలోనే సమకూరాయి.

ఇలా కలవడానికి విమానమెక్కాల్సిన పని కూడా లేదు. ఒడిశాలోని మీ ఊళ్ళో రెండేళ్ళకోసారి జరిగే ఠాకూరాణి యాత్రలో అమ్మవారికి పుట్టింటి మర్యాదలు జరిపేది ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడిన దేరా నేతవారు; పండుగ మాత్రం ఊరందరిదీ. (పెళ్ళి సంబంధాల దగ్గర ఈ కలివిడి ఎంతవరకు నిలుస్తుందో మీకే బాగా తెలుసు.)

ఇక సింగపూరులో మీ మేనమామగారికి తారసపడినవారిలో హోటలు సిబ్బంది, గైడు, డ్రైవరే ఎక్కువై ఉంటారు. నవ్వుతూ పలకరించడం వారి ఉద్యోగం. వలస కూలీల డార్మిటరీలు టూరు బస్సు దారిలో కనబడవు. ఆయన మెచ్చుకోలును సంతోషంగా విని ఊరుకోండి. అన్నగారిని మాత్రం నిదానంగా అడగండి: ఆ చిరాకులో ఒక జాతి మీది ద్వేషమెంత, జీతం ఆపిన ఒక యజమాని మీది కోపమెంత అన్నది ఆయన చెబితేగాని తేలదు.