కాళ్లు నిలవని బాతుపిల్లను నడిపించడం ఎలా?

పుట్టిన కొద్ది రోజులకే బాతుపిల్ల కాళ్లు చెరోపక్కకూ జారి, పొట్టమీద పాకుతోందంటే ముందు కింద ఏం పరిచారో చూడండి. నున్నటి న్యూస్‌పేపర్ మీద, టైల్స్ మీద దానికి పట్టు దొరకదు. గోనెపట్టా పరవండి. మామూలుగా నిలబడేంత ఎడం ఉంచి రెండు కాళ్లనూ మెత్తటి గుడ్డ టేపుతో వదులుగా కలపండి. పాదం వాచిందా, బిగుసుకుందన్నమాటే, వెంటనే విప్పేయాలి.

కీళ్లు ఉబ్బి, కాళ్లు వంకర తిరుగుతుంటే మాత్రం నియాసిన్ (విటమిన్ బి3) లోపాన్ని అనుమానించండి. బాతుపిల్లలకు కిలో దాణాలో సుమారు 55 మిల్లీగ్రాములు కావాలి. కోడిపిల్లల దాణాలో అంత ఉండకపోవచ్చు. దాణాలో బ్రూయర్స్ ఈస్ట్ (బీరు తయారీలో వాడే ఈస్ట్) పొడి కలపండి. వేరుశనగ చెక్కలోనూ నియాసిన్ దండిగా ఉంటుంది, కానీ బూజు పట్టింది ఒక్క ముక్క కూడా వద్దు. అందులోని అఫ్లాటాక్సిన్ అనే బూజు విషాన్ని బాతుపిల్లలు అసలు తట్టుకోలేవు, ప్రాణమే పోతుంది.

గోరువెచ్చటి నీళ్లలో రోజూ కొన్ని నిమిషాలు ఈదనివ్వండి. ఒంటి బరువు పడకుండానే కాళ్లకు కసరత్తు. పక్కనే ఉండి, అలసిపోగానే తీసి తుడిచి, బల్బు వెచ్చదనంలో ఉంచండి.

ఒక్క కాలే మెలితిరిగి, కీలు వెనకున్న స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) పక్కకు జారినట్టు కనిపిస్తే ఆ రోజే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.