డాబాకి సున్నం వేస్తే ఇల్లు చల్లబడుతుందా?

ప్రశ్న: కూకట్‌పల్లిలో పై అంతస్తు ఫ్లాటు మాది. రాత్రి పదకొండు దాటినా ఫ్యాను వేడిగాలే కొడుతోంది. డాబాకి సున్నం వేయిస్తే తగ్గుతుందా?

జవాబు: తగ్గుతుంది, సరిగ్గా వేస్తే. శ్లాబు పగలంతా ఎండ పీల్చుకుని, పొద్దుగూకాక ఆ వేడిని గదిలోకి వదులుతుంది. మీ ఫ్యాను దాన్నే కిందికి నెడుతోంది. చుట్టూ చెట్లు పోయి మేడలే మిగిలిన చోట బయటి గాలీ తొందరగా చల్లబడదు. తెల్లపూత ఎండను శ్లాబులోకి దిగనివ్వదు. గదిలో రెండు మూడు డిగ్రీలు తగ్గితే గొప్పే. ఏసీ చల్లదనం మాత్రం ఆశించకండి.

వెయ్యి చదరపు అడుగులకు సుమారు 25 కిలోల బస్తా సున్నం, 5 కిలోల తెల్ల సిమెంటు, కిలో ఫెవికాల్ పడుతుంది. సున్నం ముందురోజే నానబెట్టి గుడ్డలో వడకట్టండి. ఫెవికాల్ విడిగా నీళ్లలో కరిగించి పోయండి. సిమెంటు మాత్రం గంటలో అయిపోయేంతే కలపాలి, లేదంటే బకెట్లోనే గట్టిపడుతుంది.

ఎక్కువమంది దుమ్ము కడక్కుండా, మిట్టమధ్యాహ్నం పూయించి చెడగొట్టుకుంటారు. కాలిన శ్లాబు తడిని చప్పున లాగేస్తే సున్నం పట్టదు, వేలితో రుద్దితే పొడి రాలుతుంది. పగుళ్లు పూడ్చి, సాయంత్రం నాలుగు దాటాక శ్లాబు తడిపి, అడ్డంగా ఒకటి, మర్నాడు నిలువుగా ఒకటి కోటింగు వేయించండి. కళ్లద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి, సున్నం కంట్లో పడితే ప్రమాదం. దుమ్ము పేరుకుంటే తెలుపు పనిచేయదు కాబట్టి అప్పుడప్పుడూ ఊడ్పించండి. వానలకు కొట్టుకుపోతుంది, ఏటా మార్చిలోపు మళ్లీ వేయాల్సిందే. డాబా అందరిదీ కాబట్టి అసోసియేషన్ అడ్డుపడొచ్చు. 2023లో తెలంగాణ ప్రభుత్వమే కూల్ రూఫ్ విధానం తెచ్చిందని వాళ్లకి చెప్పండి.

ప్రశ్న: విజయవాడలో మాది. కూలర్ పెడితే ఒళ్లంతా జిగట. మా అత్తగారికి 78 ఏళ్లు, ఏం చేయాలి?

జవాబు: కూలర్ చల్లదనం నీళ్లు ఆవిరైతేనే. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఆవిరి కాదు, తలుపులు మూస్తే మరీ ఉక్క. కూలర్‌ను కిటికీ బయట పెట్టి, ఎదురుగా ఇంకో కిటికీ తెరవండి. ఉక్క ఎక్కువున్న రోజు పంపు ఆపేసి గాలి మాత్రమే వాడండి. గదిలో 40 డిగ్రీలు దాటితే వట్టి ఫ్యాను ఇంకా వేడెక్కిస్తుంది, ఆవిడ చేతులు, మెడ తడిగుడ్డతో తుడుస్తూ ఉండాలి. దాహం వేసేదాకా ఆగకుండా గంటగంటకీ కాసిన్ని మజ్జిగ ఇవ్వండి. గుండె, కిడ్నీ మందులు వాడుతుంటే నీళ్లెంత తాగించాలో ముందే డాక్టర్ని అడగండి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా, మగతగా ఉన్నా వడదెబ్బే అనుకోండి. 108కి ఫోన్ చేసి, వాళ్లొచ్చేలోగా ఒంటి మీద నీళ్లు చల్లి విసురుతూ, మెడకీ చంకలకీ గజ్జలకీ చల్లటి తడిగుడ్డలు వేయండి. స్పృహ లేకపోతే నోట్లో చుక్క నీళ్లు కూడా పోయొద్దు.