ఆటోమేటిక్ బండి ఇంజన్ మాన్యువల్ కారుకి వేయించుకోవచ్చా?

వేయించుకోవచ్చు బాబూ. ఇంజన్ కోడ్, మోడల్ సంవత్సరాలు కలిస్తే ఆటోమేటిక్ బండిలోంచి తీసిన ఇంజన్ నీ మాన్యువల్ సివిక్‌లో కూర్చుంటుంది. బ్లాకు, హెడ్డు, పిస్టన్లు మామూలుగా రెండింటికీ ఒకటే. తేడా అంతా ఇంజన్ వెనకాల, గేర్‌బాక్స్ వచ్చి తగిలే చోట ఉంటుంది. ఆ తర్వాత వైరింగ్‌లో. డబ్బు కారిపోయేదీ అక్కడే, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

అమెరికా నుంచి సెలవులకి వచ్చి మలక్‌పేటలో మా ఇంట్లోనే ఉన్నాను. నిన్న మీ నాన్నగారు వనస్థలిపురం నుంచి వచ్చి అమెరికాలో నీ సివిక్‌కి ఇంజన్ మార్చడానికి షెడ్డువాళ్ళు రాసిస్తే నువ్వు పంపిన ఎస్టిమేట్ చూపించారు. ఆటోనగర్‌లో తనకు తెలిసిన మెకానిక్‌ని కూడా అడిగారట. "క్రాంక్ వెనక ఏముందో చూసుకోమనండి సార్, అసలు పని అక్కడుంది" అన్నాడట. క్రాంక్ అంటే ఇంజన్ లోపల తిరిగే ఇరుసు, దాని వెనక కొస గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. మీ షెడ్డువాళ్ళు ఎస్టిమేట్‌లో రాయని సంగతి ఆ మెకానిక్ బండి చూడకుండానే చెప్పాడు.

అమెరికాలో అమ్ముడయ్యే కార్లలో నూటికి తొంభైకి పైగా ఆటోమేటిక్‌లే. కాబట్టి జంక్ యార్డుల్లో దొరికే ఇంజన్లూ చాలావరకు వాటిలోవే. మన పిల్లలేమో ఇక్కడ డ్రైవింగ్ స్కూల్లో క్లచ్ తొక్కి నేర్చుకుని వెళ్తారు. అక్కడ మాన్యువల్ బండికి గిరాకీ తక్కువ, సీనియర్లు చవగ్గా అమ్ముతారు, వీళ్ళు కొనేస్తారు. నేనూ అలాగే కొన్నాను.

నాది వెనక చక్రాల మీద నడిచే పాత పికప్. చదువుకునే రోజుల్లో కూలెంట్ కారిపోతున్నా పట్టించుకోకుండా తోలితే ఇంజన్ పోయింది. యార్డులో అదే మోడల్ ఆటోమేటిక్‌ది దొరికింది. నేను చూసుకున్నది ఒక్క ఇంజన్ ధరే. షెడ్డులో నా పాత ఫ్లైవీల్ (క్రాంక్ కొసకి బిగించే బరువైన చక్రం), క్లచ్ విప్పి దీనికి బిగించారు. బండి స్టార్టయింది. క్లచ్ తొక్కగానే లోపల్నుంచి కీచుమని అరుపు, ఫస్ట్ గేరు పడదు, పడితే గరగర. గేర్‌బాక్స్ మళ్ళీ దించారు. పక్కనే నిలబడి చూశాను. క్రాంక్ కొసన, నడిమధ్యలో, బొటనవేలు పట్టేంత గుండ్రటి గుంట ఖాళీగా ఉంది. అందులో పైలట్ బేరింగ్ ఉండాలి. గేర్‌బాక్స్ షాఫ్ట్ కొసని కదలకుండా పట్టుకునేది అదే. ఆటోమేటిక్‌లో ఆ షాఫ్టే ఉండదు గనక బేరింగ్ పెట్టరు. దాని ఖరీదు ఒక పూట హోటల్ భోజనమంత. దాన్ని పెట్టడానికి గేర్‌బాక్స్ దించి ఎక్కించిన కూలి నా నెల అద్దెని మించిపోయింది.

ఆ నెల నేను ఇంటికి ఫోన్ చేసి డబ్బు అడగలేదు. క్యాంపస్ లైబ్రరీలో దొరికిన గంటలన్నీ చేశాను. సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలే చెయ్యనిస్తారు, అది నీకూ తెలిసే ఉంటుంది. పప్పుచారుతో నెట్టుకొచ్చి పైసాతో సహా తీర్చాను. ఇవాళ్టికీ నాకు తృప్తినిచ్చే సంగతి అది.

నీ సివిక్ ముందు చక్రాల మీద నడిచే బండి. అలాంటి వాటిలో కొన్నింటికి ఈ బేరింగ్ అసలుండదు, కొన్నింటికి ఫ్లైవీల్‌లోనే ఉంటుంది. పార్ట్స్ కౌంటర్లో నీ బండి విన్ నంబరు (కంపెనీ వేసే గుర్తింపు నంబరు) చెబితే నిమిషంలో తేలుతుంది. మీ తరానికి వీడియో చూస్తే పని వచ్చేసినట్టే అనిపిస్తుంది, కానీ కౌంటర్లో అడగడానికి బద్ధకం.

వచ్చిన ఇంజన్‌కి ఫ్లెక్స్ ప్లేట్ అని పలచటి రేకు చక్రం బిగించి ఉంటుంది, ఆటోమేటిక్‌లో క్లచ్ బదులుండే టార్క్ కన్వర్టర్ దానికే తగులుకుంటుంది. అది తీయించి నీ పాత ఇంజన్ ఫ్లైవీల్ ఎక్కించాలి. రేకు పలచన కాబట్టి దాని బోల్టులు పొట్టివి. అవే పెట్టి ఫ్లైవీల్ బిగిస్తే మర కొంచెమే పట్టుకుంటుంది, వేగంలో ఊడిందంటే కాళ్ళ దగ్గరే ప్రమాదం. మాన్యువల్‌కి వచ్చే బోల్టులే కొత్తవి కొనిపించు. ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య గురి తప్పకుండా ఉంచే డోవెల్ పిన్నులు ఉన్నాయో లేదో నువ్వే కళ్ళారా చూడు. ఇంజన్ బయట ఉండగానే క్రాంక్ వెనక ఆయిల్ సీల్, క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ మార్పించెయ్. ఇక్కడ పొదుపు చేస్తే అదే కూలి రెండోసారి కట్టాలి.

సెల్ఫ్ మోటార్ నీదే ఉంచు. వైరింగ్, ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) కూడా నీ బండివే ఉండాలి. ఆటోమేటిక్ ఈసీయూ పెడితే అది లేని గేర్‌బాక్స్ సిగ్నళ్ళ కోసం వెతుకుతుంది, సొంత తాళం కాకపోతే స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్ ఉన్న బండైతే నీ తాళాన్నీ గుర్తుపట్టదు. ఏ సెన్సర్ ప్లగ్గయినా కలవకపోతే పాత ఇంజన్ మీది సెన్సర్ విప్పి దీనికి పెట్టించు.

రూల్స్ సంగతి నువ్వే చూసుకోగలవు. ఇక్కడ ఆర్‌సీ మీద ఇంజన్ నంబరుంటుంది, మారిస్తే ఆర్టీయే ఆఫీసుకి వెళ్ళాలి. అక్కడ బండికి గుర్తు విన్ నంబరే. ఎమిషన్ (పొగ) టెస్టు రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది, కాలిఫోర్నియాలో చాలా గట్టిగా పడతారు.

ఇప్పుడు డబ్బు. నీ ఎస్టిమేట్‌లో ఇంజన్, కూలి అని రెండే లైన్లున్నాయి. క్లచ్ కిట్, సీళ్ళు, బోల్టులు, ఫ్లైవీల్ మెషినింగ్, ఆయిల్, కూలెంట్, ట్యాక్స్ ఎక్కడ? అన్నీ రాయించు. మొత్తం కలిపితే నీ బండి బాగున్నప్పటి ధర దాటుతుందా, చేయించకు. ఉన్నది ఉన్నట్టు అమ్మేసి బస్సెక్కు. అమెరికాలో బస్సెక్కడం నామోషీ అనుకునేవాళ్ళు క్రెడిట్ కార్డు వడ్డీ కడుతూ ఉంటారు, వాళ్ళని చాలామందిని చూశాను.

మీ నాన్నగారు మాటల్లో "చిట్టీ పాడేసి పంపమంటారా" అని అడిగారు. వద్దన్నాను. నీ చెల్లెలి కాలేజీ ఫీజు కోసం వేస్తున్న చిట్టీ అది. నీకు తెలుసో తెలీదో.

యార్డువాళ్ళు కోర్ ఛార్జ్ అని డిపాజిట్ పట్టుకుంటారు, పాత ఇంజన్ ఇచ్చేస్తే తిరిగిస్తారు. ఆ తొందరలో షెడ్డువాళ్ళు ఫ్లైవీల్, మౌంటింగ్ బ్రాకెట్లు, సెన్సర్లతో సహా పంపించేస్తే అన్నీ మళ్ళీ కొనాలి. బండి రోడ్డు మీద తిరిగేదాకా పాతది కదిలించొద్దని ఇవాళే ఫోన్ చేసి చెప్పు. తిరిగిచ్చే గడువు ఎన్నాళ్ళో, ఇంజన్‌కి వారంటీ ఎన్నాళ్ళో రసీదు మీద ఉంటుంది. కొత్త ఎస్టిమేట్‌తో పాటు ఆ రసీదు ఫోటో కూడా నాకు పంపు. ఆదివారం మీ నాన్నగారు మళ్ళీ వస్తామన్నారు, ఇద్దరం కూర్చుని చూస్తాం.