ఫోన్‌లో తొందరపడి జీతం చెప్పేసింది, ఇప్పుడు మళ్లీ అడగొచ్చా?

చిట్యాల దగ్గరి ఊరి నుంచి ఒక తండ్రి రాశాడు. వాళ్ల అమ్మాయి బీఫార్మసీ చేసి, చౌటుప్పల్ వైపు ఒక మందుల కంపెనీలో రెండున్నరేళ్లుగా క్యూసీలో (మందుల నాణ్యత పరీక్షించే విభాగం) పనిచేస్తోంది, ఏడాదికి 3 లక్షల 20 వేలు, ఇంటి నుంచే కంపెనీ బస్సులో పోయి వస్తోంది. జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌లోని ఇంకో కంపెనీ హెచ్‌ఆర్ ఫోన్ చేసి, మాట్లాడిన రెండో నిమిషంలోనే ఎంత ఎక్స్‌పెక్ట్ చేస్తున్నారని అడిగితే పిల్ల ‘నాలుగు ఎనభై’ అనేసింది. జనరల్ షిఫ్టు, మామూలు క్యూసీ పని అనుకుంది. తీరా ఇంటర్వ్యూలో తెలిసిందేమంటే నైట్ షిఫ్టులున్నాయి, కొత్తవాళ్లకు హెచ్‌పీఎల్‌సీ (మందుల్ని పరీక్షించే మెషిన్) పని నేర్పాలి, ఆడిట్ కాగితాలూ చూసుకోవాలి. ఇప్పుడు సరిగ్గా 4 లక్షల 80 వేలకే ఆఫర్ లెటర్ వచ్చింది, ఐదు రోజుల్లో సంతకం చేసి పంపాలట. ‘ఒకసారి నోటితో చెప్పినంక మళ్లీ అడుగుడు తప్పు గాదా సార్, ఉన్నది కూడా పోతదేమో’ అని ఆయన టెన్షన్.

తప్పు కాదన్నా. మీ ఊళ్లో కలుపు తీయడానికి కూలీలు గుత్తకు ఒప్పుకుంటారు కదా, ఫోన్‌లో రెండెకరాలన్నారు, పొద్దున వచ్చి చూస్తే మూడెకరాలుంది, గడ్డి మోకాళ్ల దాకా ఉంది, అప్పుడు గట్టు మీదే నిలబడి ‘ఈ రేటుకు కుదరదన్నా’ అంటారు, దాన్ని ఎవరూ మాట తప్పడం అనరు. అదే సగం చేను తీశాక అంటే మాత్రం మీకూ కోపమొస్తుంది. మీ అమ్మాయి ఇప్పుడు గట్టు మీదే ఉంది. సంతకం పెట్టి పంపిందంటే చేన్లో దిగినట్టే, కాబట్టి అడిగేదేదో ఈ ఐదు రోజుల్లోనే అడగాలి, అదీ ఒక్కసారే.

పిల్లను తిట్టకండి, ఇది అందరూ చేసేదే. నేను నా మొదటి ఉద్యోగానికి మహబూబ్‌నగర్ బస్టాండ్‌లో నిలబడి, బస్సుల మోతలో ఒక చెవి మూసుకుని ఒక అంకె చెప్పాను, అవతల నుంచి వెంటనే ‘ఓకే’ వచ్చింది, ఆ ఓకే వచ్చిన స్పీడుకే అర్థమైంది తక్కువ చెప్పానని. అడగడానికి మొహమాటపడి ఏడాదిన్నర ఆ జీతానికే చేశాను.

అడిగే ముందు ఆఫర్ లెటర్‌లో చివరి పేజీ, జీతం విడగొట్టి చూపించే పట్టిక, తీసి చూడండి. 4 లక్షల 80 వేలు అనగానే నెలకు 40 వేలు అనుకుని ఉంటారు. ఐకేపీ సెంటర్‌లో వడ్లకు క్వింటాకు రేటు ఒకటి, తరుగు పోయాక ఖాతాలో పడేది ఇంకొకటి అయినట్టు ఇక్కడా తరుగు ఉంటుంది. ఉదాహరణకు అందులో 10 శాతం వేరియబుల్, అంటే పనితీరు చూసి ఇచ్చేది అనుకుందాం, ఆ 48 వేలు కంపెనీ దయ. కంపెనీ కట్టే పీఎఫ్ నెలకు 1,800 చొప్పున 21,600. బేసిక్ 18 వేలైతే దాని మీద 4.81 శాతం గ్రాట్యుటీ (ఏళ్ల తరబడి చేసి మానేటప్పుడు ఇచ్చేది), ఏడాదికి పది వేల పైచిలుకు. ఇన్సూరెన్స్ ఓ నాలుగు వేలు. ఇవన్నీ తీసేస్తే నెలకు 33 వేలు, అందులో పిల్ల వాటా పీఎఫ్ ఇంకో 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే చేతికి 31 వేలు. ఇప్పుడు చేతికొచ్చేది దీని పక్కన రాసి, జడ్చర్లలో హాస్టల్, తిండి, ఇంటికి రానుపోను ఖర్చులు తీసి చూడండి, ఏం మిగులుతుందో తెలుస్తుంది. ఇల్లు వదిలి వెళ్లే బిడ్డకు ఈ లెక్క చాలా ముఖ్యం.

అయితే హెచ్‌ఆర్ మేడమ్‌కు హాస్టల్ ఖర్చు చెప్పి లాభం లేదు, ఫ్రెండ్‌కు ఎక్కువ ఇస్తున్నారని చెప్పినా లాభం లేదు. ఆమె తన జేబులోంచి ఇవ్వదు, పైవాళ్ల దగ్గర అప్రూవల్ తెచ్చుకోవాలి, వాళ్ల ముందు చెప్పుకోవడానికి ఆమెకు ఒక కారణం కావాలి. ఆ కారణం మీ దగ్గర ఉంది: పని పెరిగింది. అమ్మాయి ముందు ఫోన్ చేసి ఇలా అంటే చాలు, ‘ఆఫర్ ఇచ్చినందుకు థ్యాంక్స్ మేడమ్, నాకు చేరాలనే ఉంది. మొదట 4.8 అన్నప్పుడు జనరల్ షిఫ్టు, అనలిస్ట్ పని వరకే అనుకున్నాను. నైట్ షిఫ్టులు, ట్రైనింగ్, ఆడిట్ పని కూడా ఉన్నాయని ఇంటర్వ్యూలో తెలిసింది. మొత్తం పని చూసుకుంటే 5.6 అడగడం న్యాయమనిపిస్తోంది, ఒకసారి చూస్తారా?’ అని. ఆ తర్వాత నోరు మూసుకోవాలి, అవతల నిశ్శబ్దంగా ఉంటే భయపడి ‘పోనీ అయిదైనా పర్లేదు’ అనేస్తారు మన పిల్లలు, అక్కడే పోతుంది. ఫోన్ అయ్యాక అదే విషయం మెయిల్‌లో కూడా పెట్టాలి. 5.6 అంటే 5.2, 5.3 దగ్గర తెగొచ్చు, ఏడు అంటే మాత్రం మొదట చెప్పిన 4.8తో పొంతన కుదరదు, నవ్వుతారు.

‘మీరే కదా నాలుగు ఎనభై అన్నారు’ అని తప్పకుండా అంటుంది. ‘అవును మేడమ్, అప్పటికి తెలిసిన పనికి అన్నాను’, అంతే, సారీలు వద్దు. లేని ఇంకో ఆఫర్ ఉందని మాత్రం చెప్పించకండి, చూపించమంటే ఏం చేస్తారు, పాత జీతం పెంచి చెప్పినా పే స్లిప్పులు అడిగినప్పుడు బయటపడుతుంది.

బడ్జెట్ లేదంటే? ఆ వేరియబుల్‌ను ఫిక్స్‌డ్‌లో, అంటే నెలనెలా ఖాయంగా వచ్చే జీతంలో కలపమనండి, నైట్ షిఫ్టుకు అలవెన్స్ అడగండి, ఆరు నెలలకు జీతం రివ్యూ చేస్తామని మెయిల్‌లో రాసివ్వమనండి. జాయినింగ్ బోనస్ ఇస్తామంటే మంచిదే గానీ ఏడాదిలోపు మానేస్తే వెనక్కి కట్టాలనే షరతు ఉందేమో చదవాలి. ‘చేరండి, తర్వాత చూద్దాం’ అన్న మాటను లెక్కలోకే తీసుకోకండి.

ఇంతా చేసి ఆఫర్ పోతుందా అంటే, ఇన్ని రౌండ్లు చూసి ఎంచుకున్న మనిషి మర్యాదగా ఒక్కసారి అడిగినందుకు సాధారణంగా తీసేయరు, కాదు అంటారు, అంతే. అప్పుడు 31 వేలకు పోవాలా, చౌటుప్పల్ కంపెనీ బస్సే ఎక్కాలా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. అన్నట్టు, ఇదంతా అనుభవం ఉన్నవాళ్లకు. క్యాంపస్‌లో వంద మందికి ఒకే ప్యాకేజీ ఇచ్చినప్పుడు కొత్త పిల్లలు బేరమాడితే పనికాదు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి అన్నా, హెచ్‌ఆర్‌కు మీరు ఫోన్ చేయొద్దు. ‘మా బిడ్డ అమాయకురాలు మేడమ్’ అని మీరంటే, రేపు కొత్తవాళ్లకు పని నేర్పించాల్సిన మనిషి గురించి వాళ్లేమనుకుంటారు? కొత్త అంకెతో మార్చిన ఆఫర్ లెటర్ చేతికొచ్చేదాకా చౌటుప్పల్‌లో రిజైన్ చేయనివ్వకండి, అక్కడ నోటీస్ పీరియడ్ ఎన్ని రోజులో ఇవాళే పాత అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చూసుకోమనండి.