ఆ పేజీ నేను ముందే చదివాను

ఎంతో ఇష్టపడే రచయిత ఆడవాళ్లతో దారుణంగా ప్రవర్తించాడని తెలిసి ఆయన పుస్తకాలన్నీ అట్టపెట్టెలో సర్దేశానని, అయినా ఆ వాక్యాలు గుర్తొస్తూనే ఉన్నాయని, ఇది తప్పా అని మీరు రాసి అడిగారు. నేనైతే పెట్టెలో సర్దలేదు, ఇంకా చదువుతున్నాను. అయితే దీని వెనక నేను సిగ్గుపడాల్సిన కథ ఒకటి ఉంది.

నా మనిషి చిలీ కవి పాబ్లో నెరూడా. డిగ్రీలో ఉండగా తెలుగు అనువాదాల్లో పట్టుకున్నాడు, మళ్లీ వదల్లేదు. పెళ్లికి ముందు మా ఆవిడకు రాసిన ఉత్తరాల్లో సగం సరుకు ఆయనదే. (ఆ సంగతి ఆమెకు పెళ్లయిన మూడేళ్లకు తెలిసింది. ఇప్పటికీ దెప్పుతుంది.) 2009లో ఓ ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆయన ఆత్మకథ ఇంగ్లీషులో దొరికింది. నూటయాభై అన్నాడు, ఎనభైకి దిగాడు. అక్కడే ఇరానీ హోటల్లో కూర్చుని, చాయ్ మీద చాయ్ చెబుతూ, వెయిటర్ గుర్రుగా చూసేదాకా చదివాను. అంతకుముందు అది ఎవరి దగ్గరుందో గానీ, నచ్చిన వాక్యాలన్నిటి కిందా పెన్సిల్ గీతలు ఉన్నాయి. ఆ గీతల వెంటే నేనూ నడిచాను.

2018లో చిలీ దేశంలో గొడవయింది. శాంటియాగో విమానాశ్రయానికి నెరూడా పేరు పెడదామని అక్కడి చట్టసభలో ప్రతిపాదన వస్తే ఆడవాళ్లు ఎదురుతిరిగారు. అత్యాచారం చేశానని ఆయనే రాసుకున్నాడు, అలాంటివాడి పేరా అని. ఆ వార్త చదివి నేను ముందు నమ్మలేదు. ఎక్కడ రాశాడు? ఆత్మకథలోనే. నా అల్మారాలో ఉన్న పుస్తకంలోనే.

తీసి చూశాను. 1929, కొలంబో. ఆయనకు పాతికేళ్లు, చిలీ తరఫున కాన్సల్. సముద్రం ఒడ్డున బంగళా. ఇంటి వెనక పాకీదొడ్డిలో బకెట్ రోజూ తెల్లారేసరికి శుభ్రంగా ఉంటోంది, ఎవరు ఎత్తుతున్నారో తెలియదు. ఓ రోజు పొద్దున్నే లేచి చూశాడు. ఒక తమిళ యువతి, అంటరాని కులం, ఎరుపూ బంగారు రంగూ కలిసిన చీర. అడవి నుంచి వచ్చిన జంతువులా సిగ్గరి అంటాడు, రాణి అంటాడు. దారిలో పళ్లు పెట్టాడు, పట్టుగుడ్డ పెట్టాడు. ఆమె చూడలేదు. ఒక పొద్దున మణికట్టు పట్టుకున్నాడు. ఆ తర్వాత జరిగినంతసేపూ ఆమె కళ్లు తెరుచుకునే ఉన్నాయనీ, రాతి బొమ్మలా ఉందనీ, తనను అసహ్యించుకోవడం సబబేననీ ఆయనే రాశాడు. మరుక్షణం వేరే సంగతిలోకి వెళ్లిపోయాడు.

నన్ను కుదిపేసింది ఆయన చేసిన పని ఒక్కటే కాదు. ఆ పేజీ నేను తొమ్మిదేళ్ల కిందటే చదివాను. ఇరానీ హోటల్లో కూర్చుని, బిస్కెట్ ముంచుకుంటూ, ఆ చీర రంగు వర్ణన బాగుందనుకుంటూ దాటేశాను. పెన్సిల్ మనిషి కూడా అక్కడ ఏమీ గీయలేదు. ఇద్దరం ఒకే బాపతు.

అప్పుడైనా నోరు మూసుకున్నానా అంటే అదీ లేదు. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఓ సభ అయ్యాక మెట్ల మీద నిలబడి మాట్లాడుకుంటుంటే ఈ ప్రస్తావన వచ్చింది. కథలు రాసే స్నేహితురాలు ఒకామె ఉంది అక్కడ. "దాచుకోలేదు కదా మేడమ్, ఆయనే ఒప్పుకున్నాడు కదా" అన్నాను, నన్నేదో వకీలుగా పెట్టుకున్నట్టు. ఆమె చాలా మామూలుగా అడిగింది: "ఆమె పేరేంటి సార్?"

పుస్తకంలో పేరు లేదు. ఆయన అడగలేదు. ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఆ తర్వాత ఆ స్నేహితురాలు నాతో పొడిపొడిగా మాట్లాడటం మొదలుపెట్టింది. ఏడాదిన్నర పట్టింది మామూలవడానికి. చచ్చిపోయి నలభై అయిదేళ్లయిన కవిని కాపాడబోయి బతికున్న స్నేహం పాడుచేసుకున్నాను. ఆయనకు నా వకాల్తా ఏం అవసరం, 1971లో నోబెల్ వచ్చినవాడికి!

ఇంటికొచ్చి మా అమ్మను అడిగాను. ఆమె చిన్నప్పుడు నారాయణగూడ దగ్గర ఉండేవాళ్లు. వాళ్లింట్లో పాకీదొడ్డి ఉండేదని, వెనక గల్లీ వైపు చిన్న తలుపు ఉండేదని ఎప్పుడో చెప్పింది. ఆ తలుపులోంచి వచ్చే ఆమె పేరేంటమ్మా అన్నాను. చానాసేపు ఆలోచించింది. "యాదికి లేదు బిడ్డా. పొద్దుగాల వచ్చేటిది, నీళ్లు పొయ్యాలె అనేటిది. దూరంకెళ్లి పోసేటోళ్లం" అంది. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ మన దేశంలో చట్టం వచ్చిందే 1993లో. కొలంబో పేజీ నాకు ఎందుకు కనపడలేదో అప్పుడు కొంచెం అర్థమైంది.

ఇప్పుడు మీ సంగతి. మీ రచయిత బతికే ఉన్నాడని రాశారు, కాబట్టి మీది నా అంత తేలిక కాదు. మీ దగ్గరున్న పాత పుస్తకాలు చదివినా, అమ్మినా, చించినా ఆయనకు పైసా తేడా రాదు. కొత్త పుస్తకం కొంటే వస్తుంది. సభకు వెళ్లి ముందు వరసలో కూర్చుంటే ఇంకా ఎక్కువ వస్తుంది, ఎందుకంటే అక్కడే ఎవరో కొత్తగా రాసే అమ్మాయి ఆయన్ని చూసి 'ఇంతమంది గౌరవిస్తున్నారు' అనుకుంటుంది. 2024లో ఇక్కడి ఒక డాన్స్ మాస్టర్‌ను పోక్సో కేసులో అరెస్టు చేసినప్పుడు, ఆయనకు ప్రకటించిన జాతీయ అవార్డును ఇవ్వకుండా నిలిపివేశారు. నేరం చేశాడా లేదా అన్నది కోర్టు చూసుకుంటుంది. ఆ స్టెప్పులు మా అపార్ట్‌మెంట్ పిల్లలు వినాయక చవితికి వేస్తూనే ఉన్నారు, వాళ్లను ఎవరూ ఆపలేదు, ఆపాలని నాకూ అనిపించలేదు. కానీ దండ వేయడం ఆపొచ్చు.

నేనేదో పెద్ద ధీరుణ్ని అనుకోకండి. మన ఊళ్లోనే ఒక కథకుడు ఉన్నాడు, పేరు చెప్పను. రాయడం నేర్చుకుందామని వచ్చిన పిల్లతో ఎలా ఉన్నాడో, ఆ అమ్మాయే నాకు చెప్పింది. ఆ తర్వాత నెలకే ఆయన పుస్తకావిష్కరణలో పరిచయం చేయమని నాకు ఫోనొచ్చింది. జ్వరమన్నాను. నిజం చెప్పి మానేయాల్సింది. అంతవరకే వచ్చింది నా ధైర్యం. ఆయన పాత కథల సంపుటి మాత్రం అల్మారాలోనే ఉంది, తొలకరి పడితే అందులో ఒక పేరా నా ప్రమేయం లేకుండానే గుర్తొస్తుంది. రాకూడదని దానికి ఎలా చెప్పను?

నెరూడాకు 1934లో పుట్టిన కూతురు కూడా ఉంది. పుర్రెలో నీరు చేరే జబ్బుతో పుట్టింది. తల్లినీ బిడ్డనూ వదిలేశాడు, ఎనిమిదేళ్లకే ఆ పిల్ల చనిపోయింది. ఆత్మకథలో ఆ పిల్ల ఊసే లేదు. ఇది తెలిశాక కొన్నాళ్లు ఆయన ప్రేమ కవితలు ముట్టుకోలేకపోయాను. మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టానో గుర్తులేదు. ఏ రాత్రో చెయ్యి అల్మారా వైపు వెళ్లి ఉంటుంది. అందుకే మీకు ఇష్టం చావలేదని కంగారుపడకండి, దాన్ని బలవంతంగా చంపబోకండి కూడా. ఆ ఇష్టం మీ చేత ఎవరి ముందు ఏం వాదింపజేస్తోందో మాత్రం చూసుకోండి.

పోయిన నెల మా తమ్ముడి కూతురు, ఎంఏ చదువుతోంది, ఆ ఆత్మకథ అడిగి తీసుకెళ్లింది. వారానికి ఫోన్ చేసింది. "పెద్దనాన్నా, కొలంబో దగ్గర పక్కన 'పేరు?' అని బాల్‌పెన్నుతో రాసి ఉంది. పెన్సిల్ గీతలు వేరేవాళ్లవి అన్నావు కదా, ఇది నీదేనా?"

నాదే అన్నాను.